నా బీరువాలో జపాను కార్లు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఎ. బకాయిల గురించి, పెన్షన్ సవరణ గురించి వ్రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. తీర్థయాత్రల గురించి వ్రాసేవారికీ కొదువ లేదు. నాకు కాస్త లోతుగా తెలిసిన విషయం ఒక్కటే ఉంది. అది చెబితే నవ్వుతారేమోనని ఇన్నాళ్ళూ వెనుకాడాను.

మా ఇంట్లో బీరువా మధ్య అరలో 63 కార్లు ఉన్నాయి. అన్నీ జపాను దేశపువే. 1960లలోను, 1970ల మొదట్లోను ఆ దేశంలో తయారైన స్పోర్ట్సు కార్లకు లోహంతో పోత పోసిన చిన్న నమూనాలు. చాలా వాటి పొడవు నా చూపుడు వేలంత. ఆ అరలో ఒకప్పుడు మా ఆవిడ పట్టుచీరలు ఉండేవి. అవి ఇప్పుడు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఈ విషయమై మా ఇంట్లో జరిగిన చర్చలను ఇక్కడ వివరించను.

"ఈ వయసులో బొమ్మలేమిటి గురువుగారూ?" అని వచ్చినవారల్లా అడుగుతారు. కూర్చోండి, కాఫీ తాగుతూ చెబుతాను అంటాను. ఈ వ్యాసం కూడా ఆ కాఫీ కబురు వంటిదే అనుకోండి.

నేను 1971లో రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, 2007లో కాకినాడలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఆ 36 సంవత్సరాలలో అధిక భాగం రిజిస్ట్రేషన్ సెక్షనులోనే గడిచింది. వాహనం పేరు, తయారైన సంవత్సరం, ఇంజను నంబరు, చాసిస్ నంబరు, రంగు, యజమాని పేరు, తండ్రి పేరు. ఇవి నా చేతితో ఎన్ని వేల సార్లు వ్రాశానో లెక్క లేదు. సొంతంగా కారు మాత్రం ఎన్నడూ కొనలేదు. సైకిలు, ఆ తర్వాత స్కూటరు, ఇప్పుడు షేర్ ఆటో. పెళ్ళిళ్ళకు శుభలేఖలు వ్రాసిపెట్టిన బ్రహ్మచారి వంటి ఉద్యోగం అది.

1980ల మొదటి వరకు మా రిజిస్టర్లలో కార్లంటే అంబాసిడర్, ఫియట్, అక్కడక్కడ ఒక స్టాండర్డ్ హెరాల్డ్. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ గారు మొదటి మారుతి కారు తాళాలు అందజేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు మా కార్యాలయం ముందు కూడా తెల్లని మారుతి 800 ఒకటి వచ్చి నిలిచింది. దాని చుట్టూ మా సిబ్బంది, దళారులు, టీ కొట్టు అబ్బాయి అందరూ గుమికూడారు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజను ఇంతేనా అనిపించింది. నంబరు సరిచూసుకోవడానికి వంగినప్పుడు సుజుకి అన్న పేరు చూశాను. జపాను వాళ్ళ గురించి నా కుతూహలం అక్కడ మొదలైంది. కానీ అప్పట్లో తెలుసుకోవడానికి నాకు తీరిక లేదు, పుస్తకాలూ లేవు.

2007లో, నేను రిటైరయిన కొద్ది నెలలకు, మా అబ్బాయిని వాళ్ళ కంపెనీ పనిమీద టోక్యోకు పంపింది. వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారు నాన్నగారూ అని ఫోనులో అడిగితే ఏమీ వద్దన్నాను. వాడు అరచేతిలో పట్టే అట్టపెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో తెల్లని కారు. టొయోటా 2000 జి.టి. అని పేరు. చేసినవారు టొమికా. తలుపులు తెరుచుకుంటున్నాయి. క్రిందికి నొక్కితే స్ప్రింగు మీద ఊగుతున్నది. అలవాటు కొద్దీ తిరగేసి అడుగున ఏం వ్రాసి ఉందో చూశాను.

ఆ పెట్టె పట్టుకొని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. కారణం ఉంది. 1984లో సంక్రాంతి తర్వాత ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారు. వాడికప్పుడు 8 సంవత్సరాలు. ఒక దుకాణంలో లోహపు కారు బొమ్మ చూసి కదలనన్నాడు. వెల 22 రూపాయలు. నెలాఖరు. జేబులో ఉన్నది 30. చెయ్యి పట్టుకొని లాక్కొచ్చేశాను. ఇంటికి వచ్చేదాకా ఏడ్చాడు. పడుకునేముందు ఒక దెబ్బ కూడా వేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 23 సంవత్సరాల తర్వాత వాడు నాకు కారు తెచ్చి ఇచ్చాడు. అది గుర్తుండి తెచ్చాడా, గుర్తు లేక తెచ్చాడా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ సంగతి చివరకు చెబుతాను.

పోత బొమ్మల పుట్టుక

ముందు ఈ చిన్న కార్లు ఎలా పుట్టాయో చెప్పాలి. ఇంగ్లండులో 1930లలో మెకానో సంస్థ అధినేత ఫ్రాంక్ హార్న్‌బీ రైలు బొమ్మలకు తోడుగా చిన్న మోటారు వాహనాలు చేయించాడు. అవి 1934 నుండి డింకీ టాయ్స్ అన్న పేరుతో ప్రసిద్ధి కెక్కాయి. యుద్ధానంతరం 1947లో లండనులో లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్ అన్న ఇద్దరు మిత్రులు తమ పేర్లలోని ముక్కలు కలిపి లెస్నీ అన్న సంస్థ పెట్టారు. ఇంటిపేరు ఒకటే గాని వారు చుట్టాలు కారు. వారితో చేరిన జాక్ ఓడెల్ అనే ఇంజనీరుకు ఒక కూతురు. ఆ అమ్మాయి చదివే బడికి అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మ అయితేనే తీసుకురానిచ్చేవారట. తండ్రి ఇత్తడితో చిన్న రోడ్డు రోలరు చేసి ఇచ్చాడు. మిగతా పిల్లలందరూ మాకూ కావాలన్నారు. 1953లో మ్యాచ్‌బాక్స్ బొమ్మలు అలా పుట్టాయి.

తయారీ పద్ధతి చెప్పడానికి సులువే. జింకులో (మన పెద్దలు తుత్తునాగం అనేవారు) నూటికి సుమారు 4 వంతులు అల్యూమినియం, కొద్దిగా ఇతర లోహాలు కలిపి, దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపుతారు. క్షణాలలో గట్టిపడుతుంది. తీసి, అంచులు శుభ్రం చేసి, రంగు వేసి, చక్రాలు బిగిస్తారు. ఖర్చంతా అచ్చు చెక్కడంలోనే. అందుకే ఒక సంస్థ విసిరేసిన పాత అచ్చులను మరొకరు కొనుక్కొని బొమ్మలు చేసుకునేవారు. కలకత్తాలో అలాగే డింకీ వారి పాత అచ్చులతో నిక్కీ అన్న పేరుతో కార్లు చేశారు. ఎగ్జిబిషన్లో మా వాడు పట్టుకున్నది కూడా కలకత్తా సరుకే అని దుకాణదారు చెప్పిన గుర్తు.

జపానులో కథ ఇంకా బీదగా మొదలైంది. 1945 ఆగస్టులో యుద్ధం ముగిసింది. తినడానికి తిండి లేదు. అటువంటి రోజులలో ఓత్సు పట్టణంలో కోసుగే అనే బొమ్మల పనివాడు అమెరికా సైనికులు పారవేసిన డబ్బా రేకులు ఏరి, కడిగి, సాగగొట్టి, ఆ సైనికులు తిరిగే జీపు బొమ్మనే చేశాడు. ఆ డిసెంబరులో క్యోటోలో 10 యెన్ల వెలకు అమ్మితే జనం ఎగబడి కొన్నారు. ఓడిపోయిన దేశపు పిల్లలు గెలిచిన దేశపు జీపుతో ఆడుకున్నారు. ఎగుమతికి అనుమతి వచ్చాక 1952 వరకు ఆ దేశపు వస్తువుల మీద ఆక్రమిత జపానులో తయారైనది అన్న ముద్ర వేసి పంపేవారు. ముద్రలు, సీళ్ళు వేసి బ్రతికిన మనవంటివారికి ఆ ఒక్క మాట బరువు తెలుస్తుంది.

రేకు బొమ్మల నుండి పోత బొమ్మలకు వారు 1959లో వచ్చారు. అసాహి బొమ్మల సంస్థ మోడల్ పెట్ అన్న వరుసలో మొదటిదిగా టొయోపెట్ క్రౌన్ కారును చేసింది. అయినా 1960ల చివరి వరకు జపాను పిల్లల చేతిలో ఎక్కువగా విదేశీ కార్ల బొమ్మలే. ఇది 1924లో టొమియామా ఎయిచిరో స్థాపించిన బొమ్మల సంస్థ టొమీకి నచ్చలేదు. మన వీధిలో తిరిగే కార్లే మన పిల్లల చేతిలో ఉండాలని 1970 ఆగస్టులో ఆరు కార్లతో టొమికా వరుసను విడుదల చేసింది. ఒక్కొక్కటి 180 యెన్లు. ఆ ఆరింటిలో ఒకటి పోలీసు కారు, మూడు సంసారపక్షం కార్లు. మిగిలిన రెండూ స్పోర్ట్సు కార్లు: టొయోటా 2000 జి.టి., నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ 432.

ఎరుపు రంగు ఫైలు

నా సేకరణలో ప్రతి కారుకూ ఒక కథ ఉంది. అన్నీ చెబితే సంచిక చాలదు. నాలుగైదు చెబుతాను.

మొదటిది హోండా. మోటారు సైకిళ్ళలో లోకం మెచ్చిన హోండా సోయిచిరో 1960ల మొదట్లో కార్లలోకి దిగబోయాడు. అప్పుడే అక్కడి వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వ శాఖ, కార్ల కంపెనీలు ఎక్కువైతే విదేశీ పోటీకి తట్టుకోలేవని, కొత్తవారిని రానివ్వకుండా చట్టం తేవాలని తలపెట్టింది. హోండా గారు అధికారులతో గట్టిగా పోట్లాడారు. చట్టం వచ్చేలోపే కారు చేసి చూపాలని తన ఇంజనీర్లను తొందరపెట్టారు. చివరకు ఆ బిల్లు చట్టం కాలేదు. 1963 అక్టోబరులో ఎస్ 500 అన్న చిన్న స్పోర్ట్సు కారు అమ్మకానికి వచ్చింది. వెల 4,59,000 యెన్లు. తర్వాత ఎస్ 600, 1966లో ఎస్ 800.

ఇందులో మన వంటివారికి నచ్చే ఘట్టం ఒకటి ఉంది. హోండా గారు ఆ కారు ఎర్రగా ఉండాలన్నారు. జపాను నిబంధనల ప్రకారం ఎరుపు అగ్నిమాపక శకటాల రంగు కనుక మామూలు కార్లకు వాడరాదు. కంపెనీ ఉద్యోగి ఒకరు రవాణా శాఖ చుట్టూ తిరిగాడు. వెళ్ళడం, కాదనిపించుకోవడం, మళ్ళీ వెళ్ళడం. హోండా గారు పత్రికలోనే, రంగును ప్రభుత్వం సొంతం చేసుకున్న పురోగామి దేశం మరెక్కడా లేదన్న అర్థం వచ్చేలా వ్రాశారు. చివరకు అనుమతి వచ్చింది. ఈ కథ చదివినప్పుడు నేను ఆ కంపెనీ ఉద్యోగి పక్షాన ఎంత నిలిచానో, కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తా పక్షాన కూడా అంతే నిలిచాను. నిబంధన పుస్తకంలో ఉన్నదాన్ని కాదనే అధికారం అతనికి లేదు. ఫైలు పైకి పంపగలడు, అంతే. బహుశా ఆ ఫైలు మంచి నోటుతో పైకి పంపిన గుమాస్తా ఒకడు ఉండి ఉంటాడు. అతని పేరు చరిత్రలో ఉండదు.

ఒక్క చుట్టు విజయం

రెండవది స్కైలైన్. దీన్ని మొదట చేసిన ప్రిన్స్ సంస్థ యుద్ధకాలపు విమాన కర్మాగారాల నుండి పుట్టింది. ఓటమి తర్వాత విమానాలు చేయరాదని నిషేధించడంతో ఆ ఇంజనీర్లు కార్ల వైపు మళ్ళారు. 1964 మే నెలలో సుజుకా ట్రాకు మీద జరిగిన రెండవ జపాన్ గ్రాండ్ ప్రీ పందెం కోసం, మామూలు స్కైలైన్ కారు ముక్కును 200 మిల్లీమీటర్లు పొడిగించి అందులో ఆరు సిలిండర్ల పెద్ద ఇంజను ఇరికించారు. ఎదుటి పక్షంలో జర్మనీ నుండి తెప్పించిన పోర్షె 904, పందేలకే పుట్టిన కారు. ఏడవ చుట్టులో ఇకుజావా తెత్సు నడిపిన స్కైలైన్ ఆ పోర్షెను దాటి ముందుకు వచ్చింది. జనం లేచి నిలుచున్నారు. ఒక్క చుట్టు మాత్రమే. పోర్షె మళ్ళీ దాటిపోయి గెలిచింది. స్కైలైన్లకు రెండవ స్థానం నుండి ఆరవ స్థానం వరకు దక్కాయి.

గెలిచినవాడి పేరు కంటే ఆ ఒక్క చుట్టునే ఆ దేశం గుర్తుపెట్టుకుంది. 1966లో ప్రిన్స్ సంస్థ నిస్సాన్‌లో విలీనమైంది. 1969లో 160 అశ్వశక్తి ఇంజనుతో స్కైలైన్ జి.టి.ఆర్. వచ్చింది. పెట్టెలా పలకలుగా ఉంటుంది కనుక దాన్ని హకోసుకా అని ముద్దుగా పిలుస్తారు. హకో అంటే పెట్టె. మూడేళ్ళలో దాదాపు 50 పందేలు గెలిచింది. నా బీరువాలో హకోసుకాలు ఐదు ఉన్నాయి. మా ఆవిడకు ఐదూ ఒకటే. నాకు ఏ రెండూ ఒకటి కావు.

హిరోషిమా కారు

మూడవది మాజ్దా కాస్మో స్పోర్ట్. దీన్ని చేసిన తోయో కోగ్యో సంస్థ హిరోషిమాది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు మధ్యలో ఒక కొండ అడ్డుండటం వలన ఊరి శివారులోని ఆ కర్మాగారం చాలావరకు నిలిచింది. హిరోషిమా ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం కొంతకాలం ఆ కంపెనీ భవనంలోనే పనిచేసింది. కాలిపోయిన ఊళ్ళో, అరువు గదిలో కూర్చొని, ఉన్నవారెవరు, పోయినవారెవరు అని జాబితాలు వ్రాసిన గుమాస్తాలను తలచుకుంటే చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది. అదే సంవత్సరం డిసెంబరుకల్లా ఆ కర్మాగారం మళ్ళీ మూడు చక్రాల ట్రక్కులు చేయడం మొదలుపెట్టింది.

ఆ సంస్థ 1960లలో జర్మనీ నుండి రోటరీ ఇంజను హక్కులు కొన్నది. పిస్టను పైకి క్రిందికి ఆడే బదులు ముక్కోణపు రోటరు గుండ్రంగా తిరుగుతుంది. వినడానికి బాగుంది. నడిపితే రోటరు కొనలు లోపలి గోడను గీకి గీతలు పడేవి. వాటికి దయ్యం గోళ్ళ గీతలు అని పేరు పెట్టుకున్నారు. యమమోతో కెనిచి నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లు సంవత్సరాల తరబడి దానితో కుస్తీ పట్టారు. చివరకు కర్బనంలో అల్యూమినియం చొప్పించి చేసిన సీలుతో దయ్యం వదిలింది. 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ మార్కెట్లోకి వచ్చింది. 1972 వరకు తయారైనవి 1,176 మాత్రమే. 1968లో జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్‌లో 84 గంటలు ఏకధాటిగా సాగిన పరుగులో నాలుగవ స్థానం తెచ్చుకుంది.

రాజు వంటి కారు, రాణి పేరున్న కారు

అదే 1967లో అమ్మకానికి వచ్చినది మా అబ్బాయి తెచ్చిన టొయోటా 2000 జి.టి. యమహా సంస్థతో కలిసి చేశారు. ఎత్తు 1,160 మిల్లీమీటర్లు, అనగా మనిషి నడుము దాకానే. అమ్మకానికి ముందే 1966 అక్టోబరులో యతాబే ట్రాకు మీద 72 గంటలు ఆగకుండా గంటకు సగటున 206 కిలోమీటర్ల వేగంతో నడిపి రికార్డులు సృష్టించారు. 1967 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో ఈ కారు కనిపిస్తుంది. కథానాయకుడు షాన్ కానరీ పొడగరి. లోపల పట్టలేదు. అందుకని పైకప్పు లేకుండా రెండు కార్లు ప్రత్యేకంగా చేయించారు. ఆ కారుకే ఇంగ్లండులోని కార్గీ సంస్థ బొమ్మ చేసింది. 1970లో ఆపేసేవరకు తయారైన అసలు కార్లు సుమారు 350. పందేలలో నడిచిన ఒక 2000 జి.టి. 2022లో అమెరికా వేలంలో 25 లక్షల డాలర్లకు పైగా పలికింది. నా కారు వేలంలో ఏమీ పలకదు. కానీ అసలు కారు పొడవు 4,175 మిల్లీమీటర్లను 60తో భాగించి స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా సరిపోయింది. లెక్క కుదిరినప్పుడు కలిగే ఆనందం మనకు మాత్రమే తెలుసు.

1969లో వచ్చిన నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ మాత్రం అందరి కారు. ఫెయిర్‌లేడీ అన్న పేరు నిస్సాన్ అధ్యక్షుడు కవమాతా, మై ఫెయిర్ లేడీ సంగీత నాటకం మీద ఇష్టంతో అంతకు ముందు కారుకే పెట్టారు. అమెరికాలో ఆ సంస్థ అమ్మకాలు చూసే కతయమా యుతాకాకు ఈ పేరుతో మగవాళ్ళు కొంటారన్న నమ్మకం లేదు. పేరు పలకలు పీకించి 240 జెడ్ అన్న పలకలు పెట్టించాడు. పై అధికారి పెట్టిన పేరును క్రింది ఉద్యోగి మార్చడం ఎంత సాహసమో నేను చెప్పనక్కరలేదు. ఆ తరం జెడ్ కార్లు 1978 వరకు 5 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. కతయమా గారు 105 సంవత్సరాలు జీవించి 2015లో పరమపదించారు. పెన్షనర్లందరికీ ఆదర్శప్రాయులు.

1973లో చమురు సంక్షోభం వచ్చింది. పొగ నిబంధనలు కఠినమయ్యాయి. ఆ సంవత్సరం వచ్చిన కొత్త స్కైలైన్ జి.టి.ఆర్. 197 కార్లతోనే ఆగిపోయింది. ఒక శకం ముగిసింది. డబ్బా రేకుల జీపు నుండి ఇక్కడికి 28 సంవత్సరాలు. మన సర్వీసు కంటే తక్కువ.

రిజిస్టరు

నా సేకరణ ఎలా పెరిగిందంటే, మా అబ్బాయి టోక్యోలో ఉన్న మూడేళ్ళలో వచ్చినప్పుడల్లా ఒకటి రెండు తెచ్చేవాడు. తర్వాత అక్కడి మిత్రుల ద్వారా కొన్ని. హైదరాబాదు, చెన్నై దుకాణాలలో కొన్ని. పెన్షన్‌లో నెలకు 500 రూపాయలకు మించి దీనిమీద పెట్టరాదని మా ఆవిడతో ఒప్పందం. ఒకసారి పోస్టులో వచ్చిన పార్శిలును ఒక కార్యాలయంలో తనిఖీ పేరుతో చించి, పెట్టె నలిపి పంపారు. ఫిర్యాదు వ్రాశాను. విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. ఆ వాక్యం నేను ఎందరికి వ్రాశానో గుర్తుకు వచ్చి ఊరుకున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా అనుభవం నాలుగు మాటలలో. అట్టపెట్టె పారవేయరాదు, సేకర్తలు దానికీ వెల కడతారు. ఎండ తగలనీయరాదు, రంగు వెలిసిపోతుంది. అడుగున ముద్ర చూడాలి. టొమికాలలో తొలినాటి వాటి మీద జపాన్ అని, తర్వాతి వాటి మీద చైనా అని, ఇటీవలి వాటి మీద వియత్నాం అని ఉంటుంది. కర్మాగారాలు ఎక్కడి నుండి ఎక్కడికి తరలిపోయాయో ఆ మూడు మాటలే చెబుతాయి. విశాఖలో 1977లో మొదలై 2012లో మూతపడిన జింకు కర్మాగారం ఎరిగిన మనకు ఈ తరలింపులు కొత్తవి కావు.

అన్నిటికంటే ముఖ్యం తేమ. మనది సముద్రతీరం. పోత లోహంలో సీసం వంటి మలినాలు కలిసి ఉంటే, తేమకు అది లోపలి నుండి ఉబ్బి, పగిలి, పొడి అవుతుంది. దీన్ని జింకు తెగులు అంటారు. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. మందు లేదు. నా పాత కారు ఒకటి ఒక వర్షాకాలం తర్వాత తీయబోతే చేతిలోనే రెండు ముక్కలయింది.

పదేళ్ళ క్రితం మరో శాఖలో పనిచేసిన నా మిత్రుడొకరు కాలం చేశారు. 40 సంవత్సరాలు పాత నాణేలు కూడబెట్టిన మనిషి. ఏ నాణెం ఎక్కడిదో ఆయనకు నోటికి వచ్చు. ఎక్కడా వ్రాసి పెట్టలేదు. పిల్లలు విదేశాలలో ఉన్నారు. పది రోజుల సెలవులో వచ్చి కర్మలు చేసి, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళారు. నాణేలను పాత సామాన్ల వాడు కిలోల లెక్కన తూచి తీసుకున్నాడు. పిల్లలను తప్పు పట్టను. వారికి అవి రాగి, ఇత్తడి. చెప్పేవాడు పోయాక వస్తువు మూగదవుతుంది.

ఆ మరునాడే నేను రూళ్ళ పుస్తకం ఒకటి కొని రిజిస్టరు తెరిచాను. క్రమ సంఖ్య, కారు పేరు, అసలు కారు వచ్చిన సంవత్సరం, నమూనా చేసిన సంస్థ, స్కేలు, అడుగు ముద్ర, వచ్చిన తేదీ, ఎవరి ద్వారా, వెల, నా తర్వాత ఎవరికి, రిమార్కులు. మొత్తం 11 గడులు. 36 సంవత్సరాలు ఇతరుల కార్లు వ్రాసిన చేతితో మొదటిసారి యజమాని గడిలో నా పేరు వ్రాసుకున్నాను.

నా తర్వాత ఎవరికి అన్న గడి దగ్గర కలం ఆగింది. క్రమ సంఖ్య 1, టొయోటా 2000 జి.టి. మా అబ్బాయికే చెందాలి. కానీ ఆ పాత లెక్క తేల్చకుండా వాడి పేరు వ్రాయడానికి మనసొప్పలేదు. ఆ గడి చాలా ఏళ్ళు ఖాళీగా ఉంచాను. పోయిన సంక్రాంతికి వాడు కుటుంబంతో వచ్చినప్పుడు, భోజనాల తర్వాత రిజిస్టరు చూపించి, ఎగ్జిబిషన్ సంగతి అడిగేశాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "ఎగ్జిబిషనా? నాకేమీ గుర్తులేదు నాన్నగారూ" అన్నాడు. తర్వాత అన్నాడు: "మీరొక ఆదివారం నన్ను ఆఫీసుకు తీసుకువెళ్ళారు. కొత్త మారుతి కారు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దించారు. అంకెలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆ కాగితం చాలాకాలం నా లెక్కల పుస్తకంలో దాచుకున్నాను. టోక్యోలో ఆ కారు చూడగానే మీరు దాన్ని తిరగేసి అడుగున నంబరు చూస్తారనిపించింది. అందుకే కొన్నాను."

నాకు ఆ ఆదివారం బొత్తిగా గుర్తులేదు. చాసిస్ ప్రింటు మాకు రోజూ ఉండే పని. నేను 40 సంవత్సరాలు మోసినది వాడి దగ్గర లేదు. వాడు దాచుకున్నది నా దగ్గర లేదు. పిల్లల రిజిస్టరులో ఏమి నమోదవుతుందో తండ్రికి తెలియదు. ఆ రాత్రి క్రమ సంఖ్య 1 ఎదుట వాడి పేరు వ్రాశాను.

మా మనవడికి 9 సంవత్సరాలు. ఆ సంక్రాంతికే బీరువా ముందు నిలబడి, "తాతయ్యా, ఒక్కటి నేలమీద నడిపి చూస్తాను" అన్నాడు. పెట్టెలో ఉంటేనే వెల అని చెప్పబోయి ఆగాను. ఏది కావాలో నువ్వే తీసుకో అన్నాను. ఎర్రని హోండా ఎస్ 800 తీసుకున్నాడు. గచ్చు మీద ఒక్క తోపు తోస్తే మంచం క్రిందుగా పోయి గోడకు తగిలింది. బంపరు మీద రంగు కొంచెం లేచింది. నా ప్రాణం కూడా కొంచెం లేచింది. కానీ ఏమీ అనలేదు.

కావున మిత్రులకు నా మనవి. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినంత శ్రద్ధగా, మీ ఇంట్లో మీరు దాచుకున్నవాటికి ఒక జాబితా వ్రాయండి. నాణేలు కానీయండి, గ్రామఫోను రికార్డులు కానీయండి, పాత ఉత్తరాలు కానీయండి. ఏది ఎక్కడిదో, ఎందుకు దాచారో రెండు ముక్కలు వ్రాయండి. పిల్లలను ఏదైనా అడగాలని ఉంటే బ్రతికుండగానే అడగండి.

వ్యాసం మొదట్లో 63 కార్లని వ్రాశాను. పాత లెక్క అలవాటుగా వచ్చేసింది. సవరించుకుంటున్నాను. ప్రస్తుత నిల్వ 62. రిజిస్టరులో క్రమ సంఖ్య 17 ఎదుట రిమార్కుల గడిలో ఇలా ఉన్నది: మనవడికి ఇవ్వబడినది. వాడుకలో ఉన్నది.

సెలవు.